చీమకుర్తి దుమ్ములో నిట్ షూ: 19 నెలల తర్వాత

మా గుమ్మం పక్కన స్టాండులో ఇప్పుడు రెండు జతల షూ ఉన్నాయి. లేత బూడిద రంగు జత 2023 జూన్‌లో, బడులు తెరిచిన వారంలో కొన్నది. రెండోది మొన్న సంక్రాంతికి ముందు వచ్చింది. పాతదాన్ని పారేయలేదు, కారణం చివర్లో చెబుతాను. కంపెనీ పేరు రాయడం లేదు. నాకు ఎదురైన మంచీ చెడూ చాలావరకు నిట్ షూ, అంటే అల్లిక బట్టతో చేసిన షూ, అన్నింటికీ వర్తించేవే. ధర మాత్రం 2,799 రూపాయలు.

నేను చీమకుర్తి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద బస్సు, దిగాక కిలోమీటరుకు పైగా నడక, ఆ తర్వాత ఐదు పీరియడ్లు నిలబడడం. నలభై దాటాక పొద్దున్నే మంచం దిగి కాలు నేల మీద పెడితే కుడి మడమలో సూది దిగినట్టు ఉండేది. మెత్తటి అడుగున్న షూ వేసుకోమని డాక్టరు చెప్పారు. చీర మీద షూ ఏమిటన్న మొహమాటంతో ఆరు నెలలు నొప్పి భరించాను. ఆ ఆరు నెలలు శుద్ధ దండగ.

సౌకర్యం గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ షూలో నిజంగా మెచ్చుకోవలసింది అదే. నా బొటనవేలి మొదట్లో ఎముక కాస్త బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఏ చెప్పు కొన్నా అక్కడ బొబ్బ లేవాల్సిందే. ఈ షూలో మొదటి రోజు నుంచి అక్కడ ఏమీ తగల్లేదు. నా పుట్టిల్లు చీరాల, మగ్గాల చప్పుడు వింటూ పెరిగాను కాబట్టి కారణం తేలిగ్గానే అర్థమైంది. నేతలో పడుగూ పేకా ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి, బట్ట పెద్దగా సాగదు. అల్లికలో దారం ఉచ్చులుగా మారి ఒక ఉచ్చులో ఇంకొకటి దూరి ఉంటుంది, ఎటు లాగినా కాస్త చోటు ఇస్తుంది. 2012లో నైకీ ఫ్లైనిట్, అడిడాస్ ప్రైమ్‌నిట్ అనే అల్లిక షూ వచ్చాక ఈ పద్ధతి అందరికీ పాకింది. ముక్కలు కత్తిరించి కుట్టే బదులు పైభాగాన్ని మిషను మీద దాదాపు ఒకే ముక్కగా అల్లేస్తారు. లోపల కాలికి ఒరుసుకునే కుట్లు అందుకే లేవు.

బరువు చూద్దామని వంటింటి కాటా మీద పెట్టాను. ఒకటి 215 గ్రాములు తూగింది. "అమ్మాయ్, పిండి తూచే కాటా అది" అని అత్తయ్య అరిచేసరికి రెండోదాన్ని తూచలేదు. రెండూ ఒకటే అనుకుందాం.

అసలు పరీక్ష 2024 ఎన్నికల డ్యూటీలో జరిగింది. మే 12న సామగ్రి తీసుకోవడానికి వరుసలో నిలబడినప్పటి నుంచి, 13న పోలింగు ముగిసి పెట్టెలు అప్పగించి ఇంటికి చేరేదాకా ఈ షూ దాదాపు కాలి మీదే ఉంది. ఎండకు, నిలబడడానికి పాదాలు ఉబ్బిపోయాయి. పక్క గదిలో డ్యూటీ చేసిన టీచరు మధ్యాహ్నానికే తోలు బూట్లు విప్పేసి వట్టి కాళ్ళతో తిరిగారు. నా షూ పాదంతో పాటే ఉబ్బింది. ఆ ఒక్క రోజుకే సగం డబ్బు గిట్టిందనుకున్నాను.

అయితే మెత్తదనం వేరు, ఆసరా వేరు. చదునైన గచ్చు మీద హాయిగా ఉన్న ఈ షూ కంకర రోడ్డు మీద కాలిని పక్కకు జారనిస్తుంది. పైభాగంలో పాదాన్ని అదిమి పట్టేది ఏదీ లేదు. రెండు సార్లు చీలమండ మెలిక పడింది, రెండోసారి వారం రోజులు కట్టు కట్టుకున్నాను.

ఇక దుమ్ము. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు చూసినవారికి తెలుసు, నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి. అదే రాయి పొడి అయితే తెల్లటి బూడిద. దిమ్మెల లారీలు పోయే రోడ్డు పక్కన నడిస్తే ఆ పొడి గాలి దూరే ప్రతి సందులోనూ దూరుతుంది. నల్ల సాక్స్ వేసుకున్న రోజు సాయంత్రం షూ విప్పితే, పాదం పైన షూ అల్లిక ఎలా ఉందో అదే డిజైను తెల్లచుక్కలుగా ముద్ర పడి ఉండేది. గాలి ఆడుతుందని పెట్టె మీద గొప్పగా రాస్తారు. గాలితో పాటు ఏమేమి ఆడతాయో రాయరు. నెల్లూరులో చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు మైపాడు బీచికి ఇవే వేసుకెళ్ళాను. మూడు వారాల తర్వాత కూడా లోపలి అట్ట కింద ఇసుక దొరికింది.

ముళ్ళ సంగతి దానికన్నా ఘోరం. అడుగున రబ్బరు వేళ్ళ దగ్గరా మడమ దగ్గరా ముక్కలుగానే అతికించి, మధ్యలో ఫోమును అలాగే వదిలేశారు. బరువు తగ్గించడానికట. మా బడి వెనక మైదానం నిండా సర్కారు తుమ్మ. ఒక ముల్లు ఫోములో దిగి విరిగింది, నాకు తెలియనే లేదు. నాలుగు రోజులు నడిచాక, నడక బరువుకు కొంచెం కొంచెంగా పైకి వచ్చి, పాఠం మధ్యలో అరికాలిలో గుచ్చింది. పిల్లలు హడలిపోయారు. అప్పటి నుంచి వారానికి ఒకసారి అడుగు తిప్పి చూడడం అలవాటైంది. పైభాగానికి అంటుకునే ఉత్తరేణి గింజలను గబుక్కున పీకకూడదు, దారం కూడా వెంట వస్తుంది. అలా వచ్చిన దారాన్ని కత్తిరిస్తే చిల్లు పెరుగుతుంది. సన్న సూదితో లోపలికి దూర్చాలి.

చూడడానికి ఎలా ఉంటుందని అడిగితే, మొదటి రెండు నెలలు బాగుంటుంది. మొదటి రోజు ఎనిమిదో తరగతి పిల్లలు "మేడం, మీరు పీటీ మేడం అయిపోయారా" అని అడిగారు. స్టాఫ్ రూములో నాలుగు రోజులు నవ్వుకున్నారు, ఆ నవ్విన వారిలో ఇద్దరు దసరాలోగా షూ కొన్నారు. చీర కట్టేవారికి ఒక మాట: అడుగు మందంగా ఉంటుంది కాబట్టి చెప్పులకు సరిపెట్టిన కుచ్చిళ్ళు పైకి తేలి కనిపిస్తాయి, ఒక అంగుళం కిందికి కట్టుకోవాలి. లేత రంగు తీసుకోవడం నా తప్పు.

మన్నిక మాటకొస్తే, పదకొండో నెలలో కుడి బొటనవేలు మీద గోరు ఒరుసుకునే చోట చిల్లు పడింది. అంతకుముందే మడమ వెనక భాగం లోపలికి కూలిపోయింది. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దాన్ని తిప్పి చూసి, "అమ్మా, ఇది నడిచి అరిగింది కాదు, విప్పి విప్పి అరిగింది" అన్నాడు. నిజమే. ఇంటి గుమ్మం, గుడి, స్టాఫ్ రూము, కంప్యూటర్ గది, ఎవరింటికైనా వెళితే వాళ్ళ గుమ్మం. రోజుకు పది సార్లు విప్పుతాం. చేతులు పెట్టకుండా ఒక కాలితో రెండో షూ మడమ తొక్కి విప్పుతాం, వేసుకునేటప్పుడు మళ్ళీ మడమనే తొక్కుతాం. మెత్తటి అల్లిక ఆ తొక్కుడుకు ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆయన లోపల తోలు ముక్క వేసి కుట్టి 80 రూపాయలు తీసుకున్నాడు. ఆ కుట్టు ఇప్పటికీ ఊడలేదు.

ఫోము పద్నాలుగో నెల దాకా ప్రాణంతో ఉంది. తర్వాత మడమ కింద అణిగిపోయి లేవడం మానేసింది. పైకి ఏమీ కనిపించదు, నా మడమ నొప్పి మళ్ళీ మొదలైనప్పుడే తెలిసింది. కొత్త అట్ట కొని వేస్తే ఇంకో రెండు నెలలు గడిచింది, అంతే.

ఉతకడంలో అన్ని తప్పులూ చేశాను. మొదటిసారి సర్ఫు నీళ్ళలో నానబెట్టి డాబా మీద ఎండలో వేశాను. ఆరాక అంచుల వెంట పసుపు చారలు తేలాయి, ముందు భాగంలో జిగురు వదిలింది. ఇప్పుడైతే మొదట పొడిగా ఉన్నప్పుడే దులుపుతాను. రాతి పొడి మీద నీళ్ళు పోస్తే అది బురదై సందుల్లో కూర్చుంటుంది. తర్వాత చల్లని నీళ్ళు, రెండు చుక్కల షాంపూ, పాత పళ్ళ బ్రష్షు. సబ్బు పూర్తిగా పోయేదాకా కడిగి, లోపల పేపరు కుక్కి, ఫ్యాను కింద పెట్టాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు వరండాలో తడిసినప్పుడు పైభాగం పూటలో ఆరింది, ఫోమూ లోపలి అట్టా ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఆలోగా వచ్చిన వాసన సంగతి ఇంట్లో వాళ్ళను అడగండి. పాలియెస్టరు దారం చెమటలోని జిడ్డును పట్టుకుంటుంది, ఒక్క ఉతుకుకు వదలదు. అట్ట బయటికి తీసి విడిగా ఆరబెట్టడమే మందు.

కొత్త జత కూడా నిట్‌దే కొన్నాను. ఈసారి ముదురు రంగు, అర సైజు పెద్దది, అడుగంతా రబ్బరు, మడమ వెనక గట్టి అట్ట, లేసులు. 600 రూపాయలు ఎక్కువైంది, బరువూ కొంచెం ఎక్కువే. గుమ్మం దగ్గర స్టూలు ఒకటి వేసి కూర్చుని చేత్తో విప్పుతున్నాను. పాత జత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన రోజులకు. బొటనవేలి దగ్గర చిల్లు ఉంది కాబట్టి లోపల నీళ్ళు నిలవవు.