విండోస్‌తో వచ్చే కంప్యూటరా, ఖాళీదా?

ఖర్చు: విండోస్ వేయకుండా అమ్మే ఖాళీ మెషీన్ (స్పెక్స్‌లో ‘ఫ్రీడాస్’ అనే చిన్న ఉచిత సిస్టమ్ పేరు ఉన్నా ఖాళీ కిందే లెక్క) కాస్త చవక. తర్వాత విండోస్ విడిగా కొంటే ఆ మిగులు కాస్తా పోతుంది. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకునేవాళ్లకే అసలైన ఆదా.

శ్రమ: విండోస్‌తో వచ్చినదాన్ని ఆన్ చేసి వాడుకోవడమే. ఖాళీదానిలో విండోస్ వేయాలంటే కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ సిద్ధం చేయాలి. విండోస్ 11 ఇన్‌స్టాల్ మధ్యలో ఇంటర్నెట్ అడుగుతుంది. చాలాసార్లు వైఫైని పనిచేయించే సాఫ్ట్‌వేర్, అంటే వైఫై డ్రైవరే ఇంకా ఉండదు. టెన్షనంతా అక్కడే! డ్రైవర్‌ను ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

లైసెన్స్: ముందే వచ్చింది ఆ మెషీన్‌కే పరిమితం. విడిగా కొన్న రిటైల్ లైసెన్స్‌ను రేపు ఇంకో మెషీన్‌కి మార్చుకోవచ్చు.

రిస్క్: ఖాళీదానిలో ఎవరో ఉచితంగా వేసిచ్చే పైరేటెడ్ కాపీ. వద్దే వద్దు.

కొన్న రోజే పని మొదలుపెట్టాలంటే విండోస్‌తో వచ్చిందే నయం. లినక్స్ వాడేవాళ్లు, చేతిలో రిటైల్ లైసెన్స్ ఉన్నవాళ్లు ఖాళీది తీసుకోవచ్చు.