మాస్క్ ఉన్న పిల్లల స్పేసర్: మా పాపకి వాడాక

స్పేసర్ అంటే ఇన్‌హేలర్ మందు పిల్లలు తేలిగ్గా పీల్చడానికి ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం. ఇది అన్ని దగ్గులకీ పనికొచ్చే వస్తువు కాదు. జలుబుతో వచ్చే దగ్గు చాలామంది పిల్లల్లో రెండు మూడు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. ఏడాది దాటిన పిల్లలకైతే పడుకునే ముందు కాస్త తేనె చాలు, ఏడాది లోపు వాళ్లకి మాత్రం తేనె అస్సలు పెట్టకూడదు.

మా మూడేళ్ల పాపది వేరే రకం. నెల దాటినా తగ్గని పొడి దగ్గు, తెల్లవారుజామున మరీ ఎక్కువ. పరిగెత్తినా, గట్టిగా నవ్వినా దగ్గే. ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు. తింటూ ఆడుతూ ఎప్పుడైనా హఠాత్తుగా పొలమారిందా, కఫం ఉందా, ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉందా, ఎవరైనా సిగరెట్ తాగుతారా అని డాక్టర్ అన్నీ అడిగారు. గౌను పైకెత్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టారు. ఆ తర్వాతే ఇన్‌హేలర్ రాసి, స్పేసర్ కొనమన్నారు.

చూడటానికి ఒక ప్లాస్టిక్ గొట్టం, అంతే. కానీ అది లేకుండా నేరుగా నోట్లో కొడితే మందు చాలావరకు గొంతులోనే ఆగిపోతుంది. ఇందులో కొడితే మందు కాసేపు గొట్టంలో నిలుస్తుంది, పాప మామూలుగా ఊపిరి తీసుకుంటే చాలు. నాకు బాగా నచ్చింది ఆ చిన్న వాల్వ్. ప్రతి ఊపిరికీ అది కదలడం కనిపిస్తుంది. ఐదారు కదలికలు పైకి లెక్కపెడతాను, మాస్క్ తీస్తాను. రెండో పఫ్ (ఇన్‌హేలర్ ఒకసారి నొక్కడం) ఉంటే ఇన్‌హేలర్ మళ్లీ ఊపి, మళ్లీ మొదటి నుంచి. రెండూ ఒకేసారి కొట్టకూడదు.

నచ్చనిది మాస్క్ సైజు. దాంతో వచ్చింది పెద్దది, ముక్కు పక్కన సందులోంచి మందు పొగలా బయటికి పోయేది. చిన్న మాస్క్ విడిగా కొన్నాక సరిపోయింది. పెట్టెలో వచ్చిన సూచనల కాగితం కూడా బాలేదు. వాడే ముందు గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, తుడవకుండా గాలికి ఆరనివ్వాలన్న సంగతి చీమ తలకాయంత అక్షరాల్లో మూలన ఉంది. ముఖ్యమైన విషయమే అది! గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్‌కి స్టాటిక్ (స్థిర విద్యుత్) పట్టి మందు గోడలకే అంటుకుపోతుంది.

పాప ఏడుస్తుంటే మందు లోపలికి సరిగా వెళ్లదు, అందుకే ముందు బొమ్మకి పెట్టి ఆడించి అలవాటు చేశాం. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే తర్వాత నోరు పుక్కిలించి మొహం తుడవాలి.

డొక్కలు లోపలికి పోతూ ఊపిరి పీలుస్తున్నా, పెదాలు నీలంగా మారినా, మాట్లాడలేకపోతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. డాక్టర్ ముందే చెప్పిన పఫ్‌లు ఉంటే దారిలో ఇస్తూ వెళ్లండి. ఏడాది నుంచి ఐదేళ్ల పిల్లలు నిమిషానికి 40 సార్లు, అంతకన్నా ఎక్కువ ఊపిరి తీసుకుంటున్నా ఆలస్యం చేయకండి.

కొనేటప్పుడు మాస్క్ ఊడదీయగలిగేది చూసి తీసుకోండి. నాలుగైదేళ్లు వచ్చాక నేరుగా నోటితో పీల్చగలిగితే అదే గొట్టం మాస్క్ తీసేసి మౌత్‌పీస్‌తో (నోట్లో పెట్టుకునే మూతితో) వాడుకోవచ్చు.