అడ్రస్ శానిటైజర్: ముందే వాడుంటే రెండ్రోజులు మిగిలేవి

సీ ప్రోగ్రామ్‌లో మెమరీ తప్పులు పట్టే ఈ టూల్‌కి 5కి 4.5 ఇస్తా. సీ ప్రోగ్రామ్‌లో ఊరి పేరు కాపీ చేస్తే హైదరాబాద్ తర్వాత ఏవో పిచ్చి అక్షరాలు, అదీ ఒకసారి వస్తాయి ఒకసారి రావు, రెండ్రోజులు జుట్టు పీక్కున్నా. జీసీసీ అనే సీ కంపైలర్‌తో ఫ్రీగా వచ్చే ఈ టూల్ ఆన్ చేస్తే, పేరు ప్రింట్ చేసే ప్రింట్‌ఎఫ్ దగ్గరే ఆపేసి స్టాక్ బఫర్ ఓవర్‌ఫ్లో (అర్రే హద్దు దాటిపోవడం) అని లైన్ నంబర్‌తో సహా చూపించింది. ఇంగ్లిష్‌లో ఆ పేరు 9 అక్షరాలు, నేనిచ్చిన అర్రే కూడా 9, ఇక పేరు అక్కడితో అయిపోయిందని చెప్పే చివరి నల్‌కి చోటేది? కాపీకి వాడిన స్ట్ర్‌ఎన్‌కాపీ ఫంక్షన్ సేఫే కదా అనుకున్నా, చోటు నిండితే అది నల్ పెట్టదు, కనీసం చెప్పదు కూడా. అర్రే సైజు 32 చేసి, చివర నల్ తనే పెట్టే ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌కి మారిపోయా. ఈ టూల్ ఆన్‌లో ఉంటే ప్రోగ్రామ్ దాదాపు రెండింతలు స్లో అవుతుంది, అందుకే టెస్టింగ్‌లోనే వాడుతున్నా. రిపోర్ట్ చూస్తే మొదట కళ్లు తిరుగుతాయి, కంపైల్ చేసేటప్పుడు మైనస్ జీ (-g) ఆప్షన్ మర్చిపోతే లైన్ నంబర్లు కూడా రావు.