ఆటో జనరేటర్ ఏడేళ్లు వాడాక

జనరేటర్ గురించి అడిగితే అందరూ చెప్పేవి కేవీఏ (అంటే దాని కెపాసిటీ), డీజిల్ ఖర్చు, సర్వీసు. అవన్నీ షాపులోనే చెబుతారు కాబట్టి వదిలేస్తున్నాను. నేను రాస్తున్నది దాని పక్కన గోడకి ఉండే ఆటో ప్యానెల్ గురించి. కరెంటు పోగానే మనిషితో పని లేకుండా ఇంజను స్టార్ట్ చేసి, లోడు మార్చి, కరెంటు రాగానే ఆపేసే పెట్టె అది. దాని మీద నాకు ఇంకా కోపం పోలేదు.

ఆకివీడు దగ్గర మాకు వనామీ రొయ్యల చెరువులు రెండు, కలిపి ఐదెకరాలు. నీళ్లని చిలికి గాలి ఎక్కించే రెండు హెచ్‌పీ ఏరియేటర్లు పది ఉన్నాయి. 2018లో 25 కేవీఏ జనరేటర్ ఆటో ప్యానెల్‌తో సహా తీసుకున్నాం. మొదటి రెండేళ్లు దీన్ని ఎంత పొగిడానంటే, నా మాట మీద మా ఊళ్లో ముగ్గురు కొన్నారు. అర్ధరాత్రి లేచి వానలో తడుస్తూ ఇంజను షెడ్డుకి పరిగెత్తే బాధ తప్పిందంటే మాటలా! 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా లైనుకి ముప్ఫై గంటలకు పైగా కరెంటు లేదు. గంటకి నాలుగైదు లీటర్ల డీజిల్ తాగుతూ అది నడుస్తూనే ఉంది. ఒక్క రొయ్య కూడా పోలేదు. ఆ ధైర్యంతోనే, షెడ్డులో చోటు కలిసొస్తుందని, చేత్తో తిప్పి స్టార్ట్ చేసే పాత హ్యాండిల్ ఇంజను 28 వేలకి అమ్మేశాను. మిచాంగ్‌కి అది బాగా నడిచిందంటే మేమందరం గట్టు మీదే మేలుకుని ఉన్నాం, డీజిల్ పీపా ముందురోజే తెచ్చిపెట్టుకున్నాం, గంటగంటకీ ఆయిలూ నీళ్లూ చూసుకున్నాం. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు, పేరంతా ప్యానెల్‌కే ఇచ్చాను.

దెబ్బ పడింది 2024 మార్చిలో. గాలి లేదు, వాన లేదు. పంట 95వ రోజు, 40 కౌంట్‌కి, అంటే కిలోకి నలభై రొయ్యలు తూగే సైజుకి వచ్చింది. ఇంకో వారంలో పట్టుబడి చేద్దామనుకుంటున్నాం. తెల్లవారుజామున మూడు దాటాక, చెరువుల దగ్గర పడుకునే బాబాయి ఫోన్ చేశాడు.

"అబ్బాయ్, మోత ఆగిపోయిందిరా. కరెంటు పోయింది, ఇంజను స్టార్టవ్వలేదు."

ఆయన్ని లేపింది ప్యానెల్ హారన్ కాదు. పది ఏరియేటర్ల మోతలోనే నిద్రపోవడం అలవాటైన మనిషి, మోత ఆగేసరికి మెలకువ వచ్చింది. ఇంజను స్టార్టవ్వకపోతే మోగాల్సిన హారన్ కూడా ఇంజను బ్యాటరీ మీదే నడుస్తుందని ఆ రాత్రి తెలిసింది. బ్యాటరీ చచ్చిపోతే ఇంజనూ లేవదు, లేవలేదని చెప్పే హారనూ మోగదు. ఇలాంటి ఏర్పాటు ఎవరికి తట్టిందో కానీ, ఆ సంగతి అమ్మేటప్పుడు మాకు ఒక్క ముక్క చెప్పలేదు.

చెరువు చేసేవాళ్లకి తెల్లవారుజాము మూడంటే ఏమిటో తెలుసు. పగలు ఎండలో ఆక్సిజన్ ఇచ్చే ప్లాంక్టనే రాత్రిళ్లు దాన్ని పీల్చేస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది సరిగ్గా తెల్లవారే ముందే. నేను బండి మీద వెళ్లేసరికి అరగంట పట్టింది. టార్చి వేస్తే గట్టు వెంబడి నీటి అంచున వందల కొద్దీ ఎర్రటి చుక్కలు. అన్నీ రొయ్యల కళ్లు. పైకి తేలి, మీసాలు బయటపెట్టి, వెలుగు పడినా బెదిరి దూకడం లేదు. రెండో చెరువులో, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే డీవో మీటరు 1.8 చూపించింది. నాలుగు ఉండాల్సింది, మూడు కంటే తగ్గితేనే మాకు టెన్షన్ మొదలవుతుంది.

సెల్ఫ్ కొడితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. ఆక్సిజన్ బిళ్లలు అరబస్తా ఉంటే అవి చల్లాం, అవి కాసేపే పనిచేస్తాయి. తమ్ముడు ఊళ్లోకి పోయి ట్రాక్టర్ బ్యాటరీ విప్పి తెచ్చేసరికి ఐదు కావొచ్చింది. కేబుళ్లు తగిలించగానే ఇంజను మొదటి తిప్పుకే స్టార్టయింది. ఇంజనులో ఏ లోపమూ లేదు. తొందరలో పది ఏరియేటర్లూ ఒకేసారి ఎక్కించబోతే గుక్కతిప్పుకోలేక మళ్లీ ఆగిపోయింది. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది కదా. ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చాం. మొదటి చెరువు దక్కింది. రెండోదాంట్లో మూడు వందల కిలోల దాకా పోయాయి. మిగిలినవి ఆ రోజే వచ్చిన రేటుకి పట్టేశాం.

తరువాత మెకానిక్ వచ్చి చూపించింది చిన్న గాజు ఫ్యూజు. వేలి గోరంత ఉంటుంది. బ్యాటరీని ఛార్జ్ చేసే చార్జర్‌ది, ఎప్పుడో పోయింది. ప్యానెల్ మాత్రం రోజూ కొంచెం కొంచెంగా బ్యాటరీని తాగుతూనే ఉంది. జనరేటర్ నడిస్తే బ్యాటరీ ఛార్జ్ అయ్యేది, కానీ రెండు నెలలుగా కరెంటు పోనేలేదు. కరెంటు బాగుండటమే మా కొంప ముంచింది. ప్యానెల్ మీద మీటరు పన్నెండు వోల్టులు చూపిస్తుంటే బాగానే ఉందనుకున్నాం. సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ ముల్లు ఎక్కడికి పడిపోతుందో ఎవరం చూడలేదు.

ఇప్పుడు సోమ, గురువారాలు సాయంత్రం నాలుగింటికి మెయిన్ ఆపేస్తాం. ఊరికే ఇంజను తిప్పి ఆపడం కాదు, ఏరియేటర్లన్నీ దాని మీద పావుగంట నడవాల్సిందే. మొదట్లో తమ్ముడు డీజిల్ దండగన్నాడు. మూడో వారంలో కరెంటు కలిపే స్విచ్చు, ఒక కాంటాక్టర్ అంటుకోకపోవడం బయటపడ్డాక ఆ మాట మానేశాడు. హారన్‌కి విడిగా బైకు బ్యాటరీ పెట్టించాను. కరెంటు పోతే ముగ్గురి ఫోన్లకి కాల్ వచ్చే సిమ్ పెట్టె కూడా ఉంది. ఏరియేటర్లు రెండేసి చొప్పున ఎక్కేలా టైమర్లు పెట్టించాం. బ్యాటరీ బాగున్నా సరే రెండేళ్లకి మార్చేస్తాం.

అన్నిటికంటే నాకు తృప్తినిచ్చింది మాత్రం మళ్లీ కొన్న హ్యాండిల్ ఇంజను. సెకండ్ హ్యాండ్‌ది, 10 హెచ్‌పీ, 55 వేలు పడింది. దానికి బ్యాటరీ లేదు, ప్యానెల్ లేదు, తిప్పే చెయ్యి ఉంటే చాలు. మూడు ఏరియేటర్ల కంటే మోయలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటినప్పుడు పెద్ద జనరేటర్ ఫ్యాన్ బెల్టు తెగింది. స్పేర్ బెల్టు షెడ్డులోనే ఉన్నా, ఆ గాలివానలో మార్చడానికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ హ్యాండిల్ ఇంజనే రొయ్య ఎక్కువున్న చెరువుకి ఊపిరి పోసింది. బాబాయి రెండు చేతులతో హ్యాండిల్ తిప్పి లివర్ వదలగానే వచ్చిన ఆ మొదటి డబ్ డబ్ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఆటో ప్యానెల్ జనరేటర్ మళ్లీ కొంటానా అంటే, కొంటాను. ఐదెకరాలకి పది ఏరియేటర్లు చేత్తో మార్చుకోవడం మా వయసుల్లో కుదరదు. కానీ మాకు గట్టు మీద బాబాయి ఉన్నాడు, తమ్ముడిల్లు కిలోమీటరు దూరంలో ఉంది, అప్పుగా బ్యాటరీ ఇచ్చే ట్రాక్టర్ ఊళ్లో ఉంది. రాత్రిళ్లు మనిషి లేని చెరువుకి ఈ ప్యానెల్‌ని నమ్మి కొనమని నేను చెప్పలేను. నా మాట విని కొన్న ఆ ముగ్గురి దగ్గరికీ నేనే వెళ్లి చార్జర్ ఫ్యూజులు చూపించి వచ్చాను. ఒకరిది అప్పటికే పోయి ఉంది.