పంటి డాక్టర్ల నియమావళి: ఆరు సూత్రాలా, తొమ్మిదా?

బ్రిటన్‌లో పంటి డాక్టర్లను నియంత్రించే సంస్థ జనరల్ డెంటల్ కౌన్సిల్ 2005లో ఇచ్చిన నియమావళిలో ఆరే సూత్రాలు: పేషెంట్ మేలే ముందు, వాళ్ల విషయాలు బయటపెట్టకూడదు, ఇలాంటివి. చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ క్లినిక్‌లో ఏం చేయాలో డాక్టరే తేల్చుకోవాలి.

2013 నాటిదానిలో తొమ్మిది. ప్రతి సూత్రం కింద పేషెంట్లు ఏం ఆశిస్తారో రాశారు, ఫిర్యాదులకు విడిగా ఒక సూత్రమే పెట్టారు. నాకు బాగా నచ్చింది మాత్రం చిన్న సంగతి: రిసెప్షన్‌లోనో పేషెంట్లు కూర్చునే చోటో ధరల పట్టిక కనబడాలి. దవడ పట్టుకుని కూర్చున్న మనిషికి ఎంతవుతుందోనన్న టెన్షన్ కుర్చీ ఎక్కకముందే కాస్త తగ్గుతుంది కదా! నియమాలు పెరిగితే డాక్టర్లకు భయమూ పెరుగుతుందంటారు, అదీ నిజమే, అయినా నా ఓటు రెండోదానికే.