బక్స్‌టన్‌లో ఒక చలిరాత్రి, ఒక మ్యాచ్

గెస్ట్ హౌస్ గదికి 84 పౌండ్లు కట్టి, డెబ్బై ఒక్కేళ్ల మా నాన్నను రాత్రంతా కోటుతో, మంకీ క్యాపుతో పడుకోబెట్టాల్సి వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మేముండేది ఇంగ్లండ్‌లో, లాంకషైర్‌లోని చోర్లీ. ఆసుపత్రిలో నర్సుగా చేరిన ఏడాదే తోటి ఉద్యోగి ఒకాయన ఊరి ఫుట్‌బాల్ మ్యాచ్‌కు తీసుకెళ్లాడు. అప్పట్నుంచి డ్యూటీ లేని శనివారాలు నాకు అక్కడే గడుస్తాయి. ప్రీమియర్ లీగ్, దాని కింది మూడు డివిజన్లు కలిపి 92 క్లబ్బులు. ఆ కింద ఉన్నవన్నీ నాన్ లీగ్. మా చోర్లీ క్లబ్బుది పైనుంచి ఆరో మెట్టు. 2021లో, చిన్నా పెద్దా క్లబ్బులు కలిసి ఆడే ఎఫ్.ఏ. కప్‌లో రెండో మెట్టు క్లబ్ డెర్బీ కౌంటీని ఓడించి, తర్వాతి రౌండులో ప్రీమియర్ లీగ్ క్లబ్ వుల్వ్స్ చేతిలో ఒక్క గోలుతో ఓడిన క్లబ్ ఇది. రెండూ మా గ్రౌండులోనే జరిగాయి, కానీ కోవిడ్ వల్ల మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. ఆ లోటు తీర్చుకోవడానికే బయట ఊళ్ల మ్యాచ్‌లకు కూడా పోతుంటాను.

ఈసారి నాన్న సికింద్రాబాద్ నుంచి మూడు నెలలకని వచ్చారు. చలికి బయటికి రారేమో అనుకున్నా గానీ, ఫుట్‌బాల్ అనగానే బయల్దేరారు. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీము గురించి, దాని కోచ్ రహీం సాబ్ గురించి మా తాతయ్య చెప్పగా విని పెరిగిన మనిషి ఆయన.

మా టీము మ్యాచ్ బక్స్‌టన్‌లో. ఆ ఊరు డెర్బీషైర్ కొండల్లో, సముద్ర మట్టానికి సుమారు వెయ్యి అడుగుల ఎత్తున ఉంటుంది. ఆ చలి ఎలాంటిదో క్రికెట్ తెలిసినవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. 1975 జూన్ 2న అక్కడ డెర్బీషైర్, లాంకషైర్ మ్యాచ్ మంచు కురిసి ఆగిపోయింది. జూన్‌లో! అంతకుముందే క్లైవ్ లాయిడ్ 167 కొట్టి నాటౌట్‌గా ఉన్నాడు. మేం వెళ్లింది జనవరిలో. శనివారం పొద్దున రైళ్లు రద్దయితే మ్యాచ్ పోతుందని శుక్రవారం సాయంత్రమే చేరుకున్నాం. మాంచెస్టర్ పికడిల్లీలో మారి మరో గంట ప్రయాణం. ఇబ్బంది లేకుండా సాగింది.

ఇక ఆ గెస్ట్ హౌస్. పేరు రాయను. ఆన్‌లైన్లో "వెచ్చని గదులు, ఇంటి వాతావరణం" అని ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకు గదిని వెచ్చబెట్టే రేడియేటరు టక్‌మని ఆగింది. పావుగంటకు చెయ్యి పెట్టి చూస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసులా ఉంది. కిటికీ చట్రం కింది సందులోంచి గాలి వస్తుంటే పరదా అంచు కదులుతోంది. గోడకున్న థర్మామీటరు 13 చూపిస్తోంది. కిందికెళ్లి అడిగితే యజమానురాలు, "హీటింగ్ మళ్లీ ఆరింటికి వస్తుంది" అంది, రైలు టైము చెప్పినట్టు. పెద్దాయన ఉన్నారండీ అన్నాను. అల్మారాలోంచి చిన్న హీటరు తీసి, దానికి ఐదు పౌండ్లు వేరే అంది! ఇచ్చాను. ఆ హీటరు మంచం కాళ్ల దాకా కూడా వేడి పంపలేదు. నా దుప్పటి కూడా నాన్నకే కప్పి నేను కుర్చీలో కూర్చున్నాను. నాన్న పన్నెండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి లేచారు. "ఏందిరా, ఇంట్లో ఉన్నమా, ప్లాట్‌ఫారం మీద ఉన్నమా?" అన్నారు. ముప్ఫై రెండేళ్లు రైల్వేలో చేసిన ఆయనే ఆ మాట అన్నారంటే చూడండి.

పొద్దున బ్రేక్‌ఫాస్ట్ ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిలోపే. నాన్న శనివారం నీచు ముట్టరు. ఇద్దరికీ కట్టిన డబ్బులో ఆయనకు దక్కింది రెండు టోస్టు ముక్కలు, బీన్స్.

ఈ ఊళ్లో గది తీసుకునేవాళ్లకు నా మాట ఒకటే. కట్టేముందు ఫోన్ చేసి, రాత్రి హీటింగ్ ఎన్నింటికి ఆపుతారు, మీట గదిలో ఉంటుందా వాళ్ల చేతిలో ఉంటుందా అని అడగండి. జవాబు నసిగితే ఇంకోటి వెతకండి. లేదా మాంచెస్టర్‌లో దిగి పొద్దున రైలెక్కండి. నేను ఇకమీదట అదే చేస్తాను.

పొద్దున్నే క్రెసెంట్ అనే పాత భవనం ఎదురుగా ఉన్న సెయింట్ ఆన్స్ వెల్ అనే ఊట దగ్గరికి నడిచాం. ఇత్తడి గొట్టంలోంచి ఇరవై ఏడు డిగ్రీల నీళ్లు పగలూ రాత్రీ పడుతూనే ఉంటాయి. పైసా ఇవ్వక్కర్లేదు. ఊరివాళ్లు క్యాన్లు తెచ్చి పట్టుకెళ్తారు. నాన్న గ్లవ్స్ తీసి వేళ్లు ఆ ధార కింద పెట్టి కదలకుండా నిలబడ్డారు. తర్వాత అరచేతిలో మూడుసార్లు తీర్థంలా తీసుకున్నారు. రాత్రి నుంచి ఆయన మొహం విప్పారింది అక్కడే.

గ్రౌండు పేరు సిల్వర్‌ల్యాండ్స్. మెట్ల మీద మంచు గట్టిపడి ఉంటే క్లబ్బు మనుషులు పారలతో గీకి ఉప్పు చల్లుతున్నారు. ముందుగా వెళ్లిన మా చోర్లీవాళ్లు నలుగురైదుగురు, నాతో సహా, తలో పార అందుకున్నాం. ఈ మెట్టు ఫుట్‌బాల్‌లో నాకు నచ్చేది ఇదే. ప్రీమియర్ లీగ్‌లో బయట నుంచి వచ్చే అభిమానుల టికెట్‌కు 30 పౌండ్ల పరిమితి పెట్టడానికి 2016 దాకా పోరాడాల్సి వచ్చింది. ఇక్కడ అందులో సగానికి కాస్త అటూ ఇటూ. రెండు ఊళ్ల జనాన్ని వేరు చేసే కంచె లేదు. హాఫ్ టైము కాగానే, మన టీము కొట్టబోయే గోలు వెనక్కి అందరం నడిచి వెళ్తాం. ఎదురొచ్చేవాళ్లతో "ఈ గాలికి బంతి నిలవడం లేదు" అనుకుంటూ దాటిపోతాం.

తిండి కిటికీ దగ్గర నాన్నకు ఏముందని అడిగాను. చీజ్, ఉల్లిపాయ కూరి కాల్చే ‘పై’ (pie) అయిపోయింది. శనివారం సంగతి చెబితే లోపలున్న పెద్దావిడ ఒక్క నిమిషం ఆగమని, కొత్త నూనె ప్యానులో చిప్స్ వేయించి, వాటి మీద మష్షీ పీస్ గరిటెడు వేసి ఇచ్చింది. గ్రేవీలో మాంసం ఉందేమోనని డబ్బా తిప్పి చదివి, ఉందని పక్కన పెట్టేసింది. మూడున్నర పౌండ్లు. ఎండబెట్టిన బఠాణీని నానబెట్టి మెత్తగా ఉడికించేదే మష్షీ పీస్. పొగలు కక్కుతోంది. నాన్న చెక్క ఫోర్కుతో ఒక ముద్ద తిని, "పోపు ఒక్కటే తక్కువ, పప్పే ఇది" అన్నారు. రెండోది కూడా తెచ్చిచ్చాను. టీ రెండు పౌండ్లు, కప్పు అంచుదాకా.

బక్స్‌టన్ వాళ్ల పెద్దాయన ఒకరు గాలి తగలని గోడవార తన పక్కన నాన్నకు చోటిచ్చారు. ఇద్దరికీ సగం మాటలు అర్థం కాలేదు గానీ, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానం దాకా వచ్చామని నాన్న వేళ్లతో లెక్క చూపించి మరీ చెప్పారు.

మేం గెలవలేదు. స్కోరు రాయడానికి మనసు ఒప్పడం లేదు.

గెస్ట్ హౌస్‌కు తర్వాత మూడు మెయిళ్లు పెట్టాను. హీటరుకు తీసుకున్న ఐదు పౌండ్లు తిరిగి వచ్చాయి. 84లో ఒక్క పెన్నీ రాలేదు.

సాయంత్రం రైల్లో కిటికీ పక్క సీటు కిందే హీటరుంది. నాన్న బూట్లు విప్పి, దాని దగ్గర కాళ్లు పెట్టుకున్నారు. సెయింట్ ఆన్స్ నీళ్ల సీసా ఒళ్లోనే ఉంది. చాపెల్ స్టేషన్ రాకముందే నిద్రపోయారు. పికడిల్లీలో రైలు ఆగి, జనమంతా దిగాక లేపాను.