హుండీ వేలంలో వచ్చిందని చెప్పి అమ్ముతున్న జనతా గడియారాలతో జాగ్రత్త

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పాత కీ గడియారాలు సేకరించేవారికి ఈ హెచ్చరిక. గత నెలలో నేను 8,500 రూపాయలు పెట్టి హెచ్ఎంటీ జనతా గడియారం ఒకటి కొన్నాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉందని అమ్మిన వ్యక్తి నమ్మకంగా చెప్పాడు. మూత తెరిచి చూస్తే, అది రెండు మూడు గడియారాల భాగాలను ఒకచోట చేర్చి, డయల్‌కు కొత్తగా రంగు పూసి తయారుచేసినదని తేలింది.

అతను చెప్పిన కథ మన ఊరివాళ్ళు సులభంగా నమ్మేది. శ్రీవారి హుండీలో భక్తులు సమర్పించిన వాచీలను తిరుమల తిరుపతి దేవస్థానం లాట్లుగా వేలం వేస్తుందన్నది మనందరికీ తెలిసిన నిజం. ఆ నిజాన్ని ఆసరా చేసుకొని, "ఎవరో భక్తుడు ముప్పై ఏళ్ళు బీరువాలో దాచుకుని మొక్కుగా వేసింది సార్, ఒక్క స్క్రూ కూడా ఎవరూ కదపలేదు" అన్నాడు. వేలంలో లాటు కొన్న రసీదు చూపించినా, ఆ లాటులో ఈ గడియారమే ఉందని దానివల్ల రుజువు కాదు. అతను ఆ రసీదైనా చూపలేదు, గోవిందరాజస్వామి గుడి దగ్గర నిలబడి విన్న మాట కాబట్టి నేనూ అడగలేదు.

నేను తొందరపడటానికి కారణం ఉంది. 1961లో జపానుకు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో చేతి గడియారాల తయారీ మొదలుపెట్టిన హెచ్ఎంటీ, తరాల తరబడి మన ఇళ్ళలో పెళ్ళికొడుకు చేతికి పెట్టిన గడియారం. జనతా అందులో అతి నిరాడంబరమైనది: సన్నని ముళ్ళు, ఖాళీగా ప్రశాంతంగా కనిపించే డయల్, లోపల అరుగుదల తగ్గించే 17 చిన్న రాళ్ళున్న యంత్రం, గంటకు 18,000 టిక్కులు, అంటే సెకనుకు ఐదు. పొద్దున లేచి స్నానం ముగించి, కీ బిగిసేదాకా తిప్పి చేతికి పెట్టుకోవడంలో ఉన్న తృప్తి బ్యాటరీ వాచీలో లేదు. మా నాన్నగారు రోజూ చేసిన పని అదే. 2016లో ప్రభుత్వం ఆ వాచీల సంస్థను మూసివేయాలని నిర్ణయించాక, అసలైనవాటి కోసం వెతికేవారు పెరిగారు. రంగు పూసినవాటిని అసలువని అమ్మేవారికీ అదే అవకాశమైంది.

గడియారం పద్దెనిమిది గంటలకే ఆగిపోతుండటంతో చిత్తూరులో ఏళ్ళ తరబడి రిపేరు చేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మూత తీయకముందే, కంటికి భూతద్దం పెట్టుకొని డయల్ చూసి తల అడ్డంగా ఊపారు. దేవనాగరిలో 'జనతా' అని రాసిన అక్షరాల తలగీత ఒకచోట లావుగా, ఒకచోట తెగి ఉంది. అంచున ఉన్న నిమిషాల గీతలు గంటల గుర్తులకు ఎదురుగా రాకుండా కొద్దిగా పక్కకు జరిగాయి. ఫ్యాక్టరీ అచ్చులో ఇలాంటి తేడాలు ఉండవని, చేత్తో కొత్తగా అచ్చు వేసినప్పుడే వస్తాయని ఆయన చెప్పారు. డయల్ ఊడదీసినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది: యంత్రంలో బిగించడానికి వెనుక ఉండాల్సిన రెండు కాళ్ళలో ఒకటి విరిగిపోగా, జిగురుతో అంటించారు. అటూ ఇటూ ఊగుతూ గడియారం వేగాన్ని అదుపు చేసే బ్యాలెన్స్ చక్రం మరో గడియారం నుంచి తెచ్చి పెట్టినదట. నూనె పూర్తిగా ఎండిపోయింది. అలాగే నడిపిస్తే ఇరుసులు అరిగిపోతాయి కనుక వెంటనే ఆపేయమన్నారు. కేసు కొత్త బంగారు గిల్టుతో మెరుస్తున్నా, పట్టీ బిగించే కొమ్ముల అంచులు సానబట్టి సానబట్టి గుండ్రంగా అయిపోయాయి.

మరమ్మతు చేసిన గడియారం అమ్మడం తప్పని నేను అనను. డయల్ మార్చామని ముందే చెప్పి, దానికి తగిన ధర అడిగితే అది నిజాయితీ గల వ్యాపారమే. కాబట్టి అసలుదని చెప్పి ఎవరైనా అమ్మజూపితే, డబ్బు ఇవ్వకముందే మూత తీయించి యంత్రం చూడండి, వెలుతురులో డయల్‌ను భూతద్దంతో పరిశీలించండి, వీలైతే ఒక రోజు నడిపి చూసి తీసుకునే ఒప్పందం చేసుకోండి, 'డయల్ అసలుది' అన్న మాటను ఫోన్‌లో చెప్పించుకోకుండా రాతపూర్వకంగా తీసుకోండి. మూత తీయడానికి ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయండి.

నేను డబ్బు తిరిగి అడిగిన రోజు నుంచి అతను ఫోన్ ఎత్తడం లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అతని ప్రకటనలో నిన్న మరో రెండు జనతాలు కనిపించాయి, అదే హుండీ కథతో, నాకు ఇచ్చినలాంటి గోధుమరంగు పట్టీలతోనే.